ఇంట్లో లేని నాన్న, ఉండీ నొప్పించే అమ్మ: కథలో పిల్లల తరాన్ని ఎలా రాయాలి

"చెడ్డ తండ్రి మీద కథ రాశాను. చదివినవాళ్ళు ఏడ్చామంటున్నారు, వారం తిరిగేసరికి మర్చిపోతున్నారు. ఎక్కడ తప్పు?" కొత్తగా రాసేవాళ్ళు పదే పదే అడిగే ప్రశ్న ఇది. తప్పు చాలాసార్లు ఒకే చోట దొరుకుతుంది. కథంతా తండ్రి చేసిన తప్పుల మీదే నడుస్తుంది. ఆ తప్పులు పాఠకుడికి ముందే తెలుసు. వాటి మధ్య బతకడానికి పిల్ల ఏం నేర్చుకుందో, ఆ నేర్చుకున్నది ముప్పై ఏళ్ళ వయసులో అవసరమే లేని చోట ఎలా బయటపడుతుందో, అదీ తెలియనిది. రాయాల్సింది అదే.

ఇక్కడ కొలతలన్నీ హైదరాబాద్‌లో నడిచే 2,500 మాటల కథకి ఇస్తున్నాం. నవలకైతే కొలతలు పెంచుకోండి, పనుల వరుస మాత్రం మార్చొద్దు.

ముందు సిద్ధం చేసుకోవాల్సినవి:

- ఒక నోటుబుక్కు. కాలరేఖకి రెండు పేజీలు, అలవాట్ల పట్టికకి రెండు, తల్లి లేదా తండ్రి వాదనకి ఒకటి.
- రెండు సాయంత్రాల టైము. ఈ ఐదు పేజీలు నిండకుండా కథ మొదటి వాక్యం రాయొద్దు.
- కథ నడిచే కాలనీలో కనీసం ఒక గంట నడక. మౌలాలి రాస్తూ కొండాపూర్ ఊహించుకుంటే కుదరదు.

1. తండ్రి లేదా తల్లి లేమి ఏ రకమో తేల్చుకోండి

"నాన్న లేడు" అనే మాటకి మన ఇళ్ళలో చాలా అర్థాలున్నాయి. ఒక్కోటి పిల్లల్లో ఒక్కో గుర్తు వదులుతుంది. రెండు మూడు కలిపి రాస్తే ఏ గుర్తూ సరిగ్గా పడదు.

చనిపోయిన తండ్రికి దండ వేసిన ఫొటో ఉంటుంది, ఏటా తద్దినం ఉంటుంది. దుఃఖానికి ఒక తేదీ ఉంది.

చెప్పకుండా వెళ్ళిపోయినవాడికి అవేవీ లేవు. తల్లి బొట్టు పెట్టుకోవాలా వద్దా? స్కూలు ఫారంలో తండ్రి పేరు పక్కన వృత్తి అన్న గడిలో ఏం రాయాలి? రేషన్ కార్డులో పేరు ఉంచాలా, తీయించాలా? ఏడేళ్ళపాటు ఏ కబురూ లేని మనిషిని చట్టం చనిపోయినట్టు భావించడానికి వీలిస్తుంది. ఇల్లు మాత్రం ఏడేళ్ళకీ ఒప్పుకోదు. ఇలా ముగింపు లేని లేమికి అమెరికా కుటుంబ చికిత్స నిపుణురాలు పాలిన్ బాస్ 'యాంబిగ్యువస్ లాస్' (తేలని లేమి) అని ప్రత్యేకంగా ఒక పేరే పెట్టింది. మనిషి లేడు, లేడని తేల్చుకోవడానికీ లేదు. కథకి ఇంత సరుకున్న పరిస్థితి మరొకటి దొరకదు. మనవాళ్ళు మాత్రం దీన్ని వదిలేసి నేరుగా శవం దగ్గరికి వెళ్ళిపోతారు.

గల్ఫ్ తండ్రి వేరు. ఆయన డబ్బుగా ఇంట్లోనే ఉంటాడు. ఫ్రిజ్జు ఆయనే, స్కూలు ఫీజు ఆయనే. రెండేళ్ళకోసారి సెలవు మీద వస్తే పిల్లలకి చుట్టం వచ్చినట్టుంటుంది.

ఉండీ లేనివాళ్ళు మరో రకం. తాగి పడుకునే తండ్రి, నైటవుట్ డ్యూటీల ఆర్టీసీ డ్రైవర్, మంచం దిగని దిగులుతో ఉన్న తల్లి. రెండో కాపురం పెట్టినవాడిని కూడా ఇక్కడే వేసుకోవచ్చు. వారంలో మూడు రోజులే కనిపించే తండ్రి పిల్లలకి రోజులు లెక్కపెట్టడం బాగా నేర్పుతాడు.

చివరగా, రోజూ ఇంట్లో ఉండి నొప్పించేవాళ్ళు. దెబ్బలే కానక్కర్లేదు. "నిన్ను కనకపోయినా బాగుండేది" అని వారానికోసారి అనే అమ్మ చాలు. ఇంటర్ పిల్లని రెసిడెన్షియల్‌లో వేసి, నెలకోసారి ఔటింగ్‌కి వచ్చినప్పుడు కూడా మార్కుల గురించి తప్ప ఇంకోటి అడగని ఇల్లు కూడా ఈ లెక్కలోకే వస్తుంది. మన ఊళ్ళో దాన్ని ఎవరూ హాని అనరు, అందుకే రాయడానికి బాగుంటుంది.

2. కాలరేఖ గీయండి

ఒక పేజీలో నిలువుగా సంవత్సరాలు వేయండి. పక్కన తల్లి వయసు, తండ్రి వయసు, ప్రతి బిడ్డ వయసు. మూడో గడిలో ఊళ్ళో జరుగుతున్నది.

ఉదాహరణకి 1986లో పుట్టిన పిల్ల. ఆమెకి ఎనిమిదో తొమ్మిదో ఏట తండ్రి తాగుడు ముదిరింది అనుకుందాం. అంటే 1995. అక్కడే చాలా కథలు జారిపడతాయి. 1995 జనవరి నుంచి 1997 దాకా ఉమ్మడి రాష్ట్రంలో సంపూర్ణ మద్యనిషేధం. దిల్‌సుఖ్‌నగర్ వైన్‌షాపు ముందు నాన్న నిలబడటానికి షాపే లేదు. పొరుగు రాష్ట్రం నుంచి దొంగచాటుగా వచ్చిన సీసా కావాలి. అంటే రెట్టింపు ధర, పోలీసు భయం, తల్లి పుస్తెలతాడు తాకట్టు. నిజం కథని ఇబ్బంది పెట్టలేదు, ఇంకో దృశ్యం ఇచ్చింది.

సరిచూసుకోవాల్సినవి ఇంకొన్ని:

- ఫోన్లు: 1990ల్లో ఎస్టీడీ బూత్, పక్కింటివాళ్ళ లాండ్‌లైన్. 2003 దాకా సెల్‌కి ఫోన్ వస్తే ఎత్తినవాళ్ళకీ డబ్బు పడేది. ఇప్పుడు గల్ఫ్ ఇళ్ళలో ఐఎంఓ వీడియో కాల్.
- ప్రయాణం: లోకల్ రైలు ఎంఎంటీఎస్ 2003లో వచ్చింది, మెట్రో 2017 నవంబరులో. 1999లో ఏ పిల్లా మెట్రో ఎక్కి తండ్రిని వెతకలేదు.
- పని: 1990ల్లో సనత్‌నగర్, బాలానగర్ వైపు కర్మాగారాలు ఒక్కొక్కటే దెబ్బతిన్నాయి. తండ్రి పాడవడానికి కారణం వెతుకుతుంటే అటు చూడండి.

వయసు విషయంలో ఇంకో జాగ్రత్త ఉంది. మూడేళ్ళలోపు పిల్లకి ఆ సంఘటన జ్ఞాపకం ఉండదు, ఉలికిపాటు ఉంటుంది. ఆరు నుంచి పదేళ్ళ పిల్ల తప్పు తనదే అనుకుంటుంది: "నేను సైకిల్ అడిగినందుకే వెళ్ళిపోయాడు." పద్నాలుగేళ్ళవాడు పక్షం ఎంచుకుంటాడు, ఎవరెవరు ఏమేం చేశారో లెక్కపెట్టి ఉంచుకుంటాడు. ఎనిమిదేళ్ళ పిల్ల నోట పద్నాలుగేళ్ళ కోపం పెడితే కథ అక్కడే అబద్ధమైపోతుంది.

3. అలవాట్ల పట్టిక నింపండి

పని మొత్తంలో ముఖ్యమైనది ఇదే. మూడు గడులు: పెద్దవాళ్ళు చేసింది, బతకడానికి పిల్ల నేర్చుకున్నది, పెద్దయ్యాక దానికి కడుతున్న ఖరీదు. కనీసం పన్నెండు వరుసలు నింపండి. కథలోకి వచ్చేవి మూడే.

కొన్ని వరుసలు ఇలా ఉంటాయి:

- తండ్రి తాగొచ్చి కొడతాడు → బండి స్టాండు ఒక్క తన్నుకి పడిందా, మూడో తన్నుకి పడిందా వినిపెట్టి, మూడోదైతే తమ్ముడిని మేడ మీదికి పంపేస్తుంది → ముప్పై రెండేళ్ళకి, అపార్ట్‌మెంటులో లిఫ్ట్ తలుపు చప్పుడైతే టీవీ ఆపేస్తుంది. భర్త ఏనాడూ గొంతెత్తినవాడు కాదు.
- తల్లిదండ్రులు మాట్లాడుకోరు, "మీ నాన్నకి చెప్పు", "మీ అమ్మనడుగు" → పిల్లాడు మాటల్ని మెత్తబరిచి చేరవేయడం నేర్చుకుంటాడు → ఆఫీసులో అందరికీ ఇష్టుడు. తనకేం కావాలని పెళ్ళాం అడిగితే జవాబు రాదు.
- తల్లి మంచం దిగదు → పదేళ్ళ పెద్దపిల్ల టిఫిన్ డబ్బాలు కడుతుంది, తల్లికి తల దువ్వుతుంది → ఎవరైనా తనకి సేవ చేస్తే కూర్చోలేదు. జ్వరంలో కూడా లేచి గిన్నెలు తోముతుంది.
- తండ్రి వస్తానన్న రోజున రాడు → పిల్లాడు ఏదీ ఆశించకుండా ఉండటం నేర్చుకుంటాడు → పెళ్ళిచూపులకైనా, ఇంటర్వ్యూకైనా ముందే "అవదులే" అంటాడు.

మధ్య గడి చూడండి. అక్కడ ఉన్నది నేర్పు, గాయం కాదు. పిల్ల ఆ వయసుకి చాలా తెలివైన పని చేసింది. మూడో గడిలో అదే తెలివి తిరగబడుతుంది. మధ్య గడి ఖాళీగా వదిలేసి మొదటి గడి నుంచి మూడోదానికి దూకితే "పాపం, తండ్రి కొట్టేవాడు కాబట్టి ఇలా అయింది" అన్న జాలి కథ మిగులుతుంది.

4. మిగతా ఇంటిని నిలబెట్టండి

పిల్ల ఒక్క తండ్రి చేతిలోనే పెరగదు. ఆ ఖాళీలోకి ఎవరు వచ్చారు? అమ్మమ్మా, మేనమామా, మిషన్ కుట్టే పక్కింటి అక్కా? అమెరికాలోని కవాయ్ దీవిలో 1955లో పుట్టిన పిల్లల్ని ఎమీ వెర్నర్ బృందం దశాబ్దాల పాటు గమనించింది. చాలా కష్టమైన ఇళ్ళలో పుట్టినవాళ్ళలో దాదాపు మూడో వంతు మంది నిలకడైన మనుషులుగానే ఎదిగారు. వాళ్ళకి దొరికిన ఆసరాల్లో ముఖ్యమైనది, నమ్మదగిన పెద్దమనిషి ఒకరు. ఆ ఒకరిని మీ కథలో పెట్టండి. లేకపోతే పాత్ర ఇంతవరకు ఎలా బతికిందో పాఠకుడు నమ్మడు. కర్ణుడిని కుంతి నీళ్ళలో వదిలింది, రాధ పెంచింది. రాధేయుడన్న పేరు అలా వచ్చిందే.

ఇద్దరు పిల్లలుంటే ఇద్దరికీ ఒకే తండ్రిని ఇవ్వొద్దు. పెద్దాడు చూసిన నాన్న దెబ్బలు కొట్టినవాడు. పదేళ్ళ తర్వాత పుట్టిన చిన్నది చూసిన నాన్న గుండెజబ్బుతో మెత్తబడి, బండి మీద ఎగ్జిబిషన్‌కి తీసుకెళ్ళినవాడు. "నాన్న అంత చెడ్డోడు కాదన్నా" అని చిన్నది అనే చోట కథకి వేడి పుడుతుంది. ఇద్దరూ నిజమే చెబుతున్నారు.

తల్లిని దేవతని చేయొద్దు. ఆమె కాపాడింది, కొన్నిసార్లు కాపాడలేదు. తలుపు అవతల నిలబడి వింటూ పొయ్యి మీద పాలు పొంగకుండా చూసుకున్న రోజు కూడా ఒకటి ఉండాలి.

5. పిలుపు తేల్చండి

తెలుగులో రాసేవాళ్ళకి ఉచితంగా దొరికిన పనిముట్టు ఇది. తండ్రిని పిల్లలు ఏమని పిలుస్తారు, ఎప్పుడు మానేశారు? పాతబస్తీ ఇంట్లో "అబ్బా" కావచ్చు, కరీంనగర్ నుంచి వచ్చి ఉప్పల్‌లో స్థిరపడిన ఇంట్లో "బాపు", కూకట్‌పల్లి ఫ్లాటులో "డాడీ". ఒకటి ఎంచుకోండి.

తర్వాత జారుడు చూపించండి. "నాన్న" నుంచి "ఆయన", అక్కడి నుంచి "అతను", ఒక్క గొడవలో "వాడు". మనవాళ్ళు దూరం పెట్టాలంటే ఇంగ్లిషులోకీ వెళ్తారు. "మా ఫాదర్ లేరండీ" అనే మాటలో ఏడుపూ లేదు, చుట్టరికమూ లేదు.

అన్నిటికన్నా పదునైనది పిలుపే లేకుండా మాట్లాడటం. "అన్నం పెట్టాను." "ఫోన్ వచ్చింది." ఎవరితో అంటున్నామో చెప్పకపోయినా తెలుగు వాక్యం నడుస్తుంది. ఇరవై ఏళ్ళుగా తండ్రిని దేనితోనూ పిలవని కూతురిని రాయడానికి ఈ భాష కన్నా వీలైనది దొరకదు. ఆ మాట మీరు వివరించొద్దు, పాఠకుడే పట్టుకుంటాడు.

6. వెళ్ళిపోవడం కాదు, తిరిగి రావడం రాయండి

మేరీ ఐన్స్‌వర్త్ అనే మనస్తత్వవేత్త ఏడాది, ఏడాదిన్నర పిల్లల్ని తల్లితో ఒక గదిలో ఉంచి, తల్లిని కాసేపు బయటికి పంపి, మళ్ళీ రప్పించి గమనించింది. వెళ్ళినప్పటి ఏడుపు కంటే తిరిగి వచ్చినప్పుడు బిడ్డ చేసిన పనే ఎక్కువ చెప్పింది. కొందరు చంకెక్కి కుదుటపడి మళ్ళీ ఆటలో పడ్డారు. కొందరు అతుక్కుంటూనే తల్లిని కొట్టారు. కొందరు తల్లి వైపు చూడకుండా బొమ్మలతో ఆడుకుంటూ ఉండిపోయారు. ఈ మూడోవాళ్ళు పైకి నిమ్మళంగా కనిపించినా వాళ్ళ గుండె మాత్రం వేగంగానే కొట్టుకుంటోందని తర్వాతి పరిశోధనల్లో తేలింది.

కథకుడికి ఇది నేరుగా పనికొస్తుంది. వరుస ఇలా పెట్టండి:

- మొదటి 400 మాటలు: పెద్దయిన పిల్ల ఒక మామూలు రోజు. పట్టికలోంచి ఒక అలవాటు, కారణం చెప్పకుండా.
- తర్వాతి 600: తండ్రి లేదా తల్లి తిరిగి రావడం. ఉత్త ప్రేమతో కాదు, ఏదో ఒక అవసరంతో. కుంతి కూడా కర్ణుడి దగ్గరికి యుద్ధం ముందే వచ్చింది.
- 300 నుంచి 400: చిన్ననాటి దృశ్యం ఒక్కటే, ఒక్క చోటే.
- 800 వరకు: ఏదో ఒకటి తేల్చుకోక తప్పని పరిస్థితి.
- మిగిలింది: ఆ ఇంటి చిన్నపిల్లలు, అంటే మూడో తరం, ఏం చూశారు.

తిరిగి రావడానికి దారి కావాలంటే చట్టంలో మంచి దారులున్నాయి. 2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం కింద పిల్లల మీద తండ్రి అర్జీ పెట్టుకోవచ్చు. ట్రిబ్యునల్ ఆర్డీఓ దగ్గర నడుస్తుంది. ఆ చట్టం నెలకి పది వేల రూపాయల దాకా పరిమితి పెట్టింది. కూతురిని ఆమె ఎనిమిదో ఏట వదిలేసినవాడు, తన డెబ్బయ్యో ఏట సికింద్రాబాద్ ఆర్డీఓ ఆఫీసు బెంచీ మీద కూతురి పక్కన కూర్చుంటే సగం కథ అక్కడే ఉంది. రెండో కాపురం కథైతే 2023 సెప్టెంబరు నాటి సుప్రీంకోర్టు తీర్పు చూడండి. హిందూ చట్టం ప్రకారం చెల్లని పెళ్ళి పిల్లలకి కూడా తండ్రి వాటాకి వచ్చే ఉమ్మడి ఆస్తిలో హక్కుందని అది చెప్పింది. తలకొరివి ఎవరు పెట్టాలన్న గొడవా, వాటాల గొడవా ఒకే రోజు వస్తాయి.

ఇక దృశ్యం. మొదట ఎక్కువమంది రాసేది ఇది:

"సరళ గుండెల్లో పాతికేళ్ళ బాధ ఉప్పెనలా పొంగింది. 'ఇన్నాళ్ళకి గుర్తొచ్చామా నాన్నా?' అంటూ బోరుమంది."

సవరించాక:

"అన్నం తింటరా?" అడిగింది సరళ.

"తింట బిడ్డా. ఏం కూర జేసినవ్?"

"పప్పు."

ఆయన రెండుసార్లు వడ్డించుకున్నాడు. తిన్నాక గ్లాసులో మిగిలిన నీళ్ళు కంచంలోనే ఒంపి చేయి కడుక్కున్నాడు. చింటూ తాతని చూడలేదు, అమ్మని చూశాడు. ఆ ఇంట్లో అట్లా కడిగేది అమ్మ ఒక్కతే. ఎన్నిసార్లు చెప్పినా మానదని డాడీ రోజూ అంటాడు.

సరళ కంచం తీసి సింకులో పెట్టింది. ఆ రాత్రి తను తిన్నాక లేచి వాష్‌బేసిన్ దాకా వెళ్ళింది.

ఇందులో పనిచేసినవి మూడు. తండ్రితో "తింటరా" అన్న మన్నింపు, అంటే పరాయితనం. తొమ్మిదేళ్ళ వరకు పక్కన కూర్చుని తినడం వల్ల చేతికి అంటిన అలవాటు. దాన్ని పట్టేసిన మూడో తరం. బాధ అన్న మాట ఎక్కడా రాలేదు.

7. పెద్దవాళ్ళ వాదన రాసి పక్కన పెట్టండి

నొప్పించిన తల్లి లేదా తండ్రి గొంతుతో ఒక పేజీ రాయండి, "నేను" అంటూ. వాళ్ళ దృష్టిలో వాళ్ళు మంచివాళ్ళే. "నా చెప్పులకి డబ్బుల్లేని రోజుల్లో నిన్ను కాన్వెంటులో వేసిన." ఆ పేజీలోంచి ఒకటి రెండు వాక్యాలే కథలోకి తీసుకోండి. మొత్తం పెడితే క్షమాపణ పత్రమవుతుంది. అసలు రాయకపోతే సినిమా విలన్ అవుతాడు.

8. తరచూ జరిగే తప్పులు, సవరణలు

*ఒక్క చెంపదెబ్బతో జీవితం పాడవడం.* ఇంటిని పాడుచేసేది సంఘటన కాదు, అది మళ్ళీ జరుగుతుందన్న ఎదురుచూపు. సవరణ: ఒక దెబ్బా, దెబ్బ పడని నాలుగు సాయంత్రాలూ రాయండి.

*తండ్రి తాగుబోతు కాబట్టి కొడుకూ తాగుబోతు.* ఇది జాతకం. చిన్ననాటి కష్టాల మీద 1998లో అమెరికాలో అచ్చయిన పెద్ద అధ్యయనం కూడా కష్టాలు పెరిగేకొద్దీ ప్రమాదం పెరుగుతుందనే చెప్పింది, తప్పదని చెప్పలేదు. సవరణ: తిరగేయండి. కొట్టే తండ్రి కొడుకు తన పిల్లలకి "వద్దు" అనే మాట చెప్పలేడు, వాళ్ళు నెత్తినెక్కుతారు. "నాన్నలా కాకూడదు" అని నడిచేవాడికీ దారి వేస్తున్నది నాన్నే.

*చావు మంచం మీద క్షమాపణ.* దీన్ని ఇక ఆపేద్దాం. సవరణ: అడగాల్సింది అడగకుండానే మనిషి పోనివ్వండి, లేదా బతికి నాలుగేళ్ళు ఇంట్లోనే ఉండనివ్వండి. రెండోదే కష్టం.

*కౌన్సెలర్ పాత్ర వచ్చి అంతా వివరించడం.* కొట్టేయండి. పాఠకుడికి అర్థం కాదన్న భయం మీది.

*ఫొటో చూడగానే గతంలోకి వెళ్ళడం.* సవరణ: చప్పుడు, వాసన, లేదా చేతి కదలిక వాడండి. పట్టిక మొదటి గడిలో అవి ఎలాగూ ఉంటాయి.

9. పంపే ముందు తనిఖీ

- లేమి రకం ఒక్కటే ఉందా?
- ప్రతి సంఘటన దగ్గరా పిల్ల వయసు వేళ్ళ మీద చెప్పగలరా?
- ఊళ్ళో ఆ ఏడాది లేని రైలు, షాపు, ఫోన్ ఏదైనా దూరిందా?
- కథలో వాడిన మూడు అలవాట్లలో ప్రతిదానికీ పట్టిక మధ్య గడి నిండి ఉందా?
- గతం 400 మాటలు దాటిందా? దాటితే ఒక దృశ్యం తీసేయండి, రెండూ కుదించొద్దు.
- పిలుపు ఎక్కడ మారిందో గీత గీసి చూపించగలరా?
- బాధ, వేదన, గాయం, శూన్యం అన్న మాటలు వెతికి లెక్కపెట్టండి. మొత్తం కథలో రెండుకి మించొద్దు.
- చివరి పేరా చేత్తో మూసి చదవండి. పైన పేరాతోనే కథ ఆగుతుంటే, మూసినదాన్ని కొట్టేయండి.